ఎవరూ కొనని బొమ్మ... ఇంటింటి గోడ మీద!

బాట పక్కన చిన్న నీటి గుంట. ఎర్ర కోటు వేసుకున్న కుర్రాడొకడు బోర్లా పడుకుని, మూతి ఆనించి నీళ్లు తాగుతున్నాడు. వాడు కాయాల్సిన గొర్రెల మంద వాడి కోసం ఆగకుండా ముందుకు సాగిపోతోంది. కాపలా కుక్క కూడా తల తిప్పి ఎటో చూస్తోంది. బాట చివర పక్కకి ఒరిగిన గేటు. దాని అవతల కోతకొచ్చిన గోధుమచేను. ఇంకా దూరంగా చర్చి గోపురం... పైన తెల్లమబ్బుల ఆకాశం.

ఈ బొమ్మ పేరు ‘ద కార్న్‌ఫీల్డ్’. కార్న్ అన్నారు కదాని మొక్కజొన్నచేను అనుకునేరు! ఇంగ్లాండులో కార్న్ అంటే ధాన్యం. బొమ్మలో ఉన్నది గోధుమ. వేసినాయన జాన్ కాన్‌స్టేబుల్. వేసిన సంవత్సరం 1826. అసలు చిత్రం లండన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది. నకళ్లు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో లెక్క తేల్చడం ఎవరి తరమూ కాదు. ముందు గదిలో సోఫా వెనక పటంగా, గోడకు అంటించే కాగితంగా, భోజనాల బల్ల పక్కన అలంకారం కోసం పెట్టిన పళ్లెంగా... ఆ కుర్రాడు అలా నీళ్లు తాగుతూనే ఉన్నాడు.

విచిత్రమేమిటంటే, ఇన్ని ఇళ్లకు చేరిన ఈ చిత్రాన్ని కాన్‌స్టేబుల్ బతికుండగా ఒక్కరంటే ఒక్కరు కూడా కొనలేదు. లండన్‌లో పెట్టాడు, పారిస్‌కి పంపాడు, ఇంకా ఇతర ఊళ్లలోనూ ప్రదర్శనకు ఉంచాడు. చూసినవాళ్లు మెచ్చుకున్నారు. ఇంటికి మాత్రం తీసుకెళ్లలేదు!

గ్యాలరీకి వచ్చిన పళ్లేలు

మామూలుగా గ్యాలరీలోని బొమ్మలు నకళ్లుగా మారి ఇళ్లలోకి వెళతాయి. 1996లో అదే నేషనల్ గ్యాలరీలో తిరగేసి చేశారు. ఇళ్లలోని నకళ్లను గ్యాలరీలోకి తెచ్చారు. ‘ఎట్ హోమ్ విత్ కాన్‌స్టేబుల్స్ కార్న్‌ఫీల్డ్’ అని ఆ ప్రదర్శనకు పేరు. దాన్ని రూపొందించిన కళాధ్యాపకుడి పేరు కొలిన్ పెయింటర్. (పేరులోనే పెయింటర్ ఉన్నాడు, మనం చేసిన చమత్కారం కాదు!) లండన్ నగరంలో మామూలు కుటుంబాల ఇళ్లలో ఈ బొమ్మ ఏ రూపంలో ఉన్నా సరే వెతికి పట్టుకున్నారు. దాన్ని ఎందుకు కొన్నారు, ఎక్కడ పెట్టుకున్నారు, చూసినప్పుడు ఏమనిపిస్తుంది అని యజమానుల్నే అడిగారు. వాళ్లు చెప్పిన మాటలతో పాటు ఆ వస్తువుల్ని ప్రదర్శనకు పెట్టారు.

కళల గురించి పెద్ద పెద్ద పుస్తకాలు రాసేవాళ్లకు ఇది కాస్త ఇబ్బందికరమైన ప్రదర్శనే. ఎందుకంటే ‘గోడమీద అచ్చు బొమ్మా? అదేం రుచి?’ అని ముక్కు విరిచే అలవాటు ఇంగ్లాండులో ఎప్పటినుంచో ఉంది. బిస్కెట్ డబ్బాల మీదికెక్కిన చిత్రమంటే మరీ చులకన. అక్కడ తేలిందేమిటంటే, ఇళ్లలో ఉన్నవాళ్లు ఆ బొమ్మలో చూస్తున్నది కాన్‌స్టేబుల్ కుంచె పనితనాన్ని కాదు, తమ బతుకుల్ని. ఇది ఎవరు ఇచ్చారు, ఏ ఇంట్లో ఉండేది, చిన్నప్పుడు ఏ పల్లెకు వెళ్లాం... ఇలాంటి జ్ఞాపకాలన్నీ ఆ బాట వెంట పోగుపడి ఉన్నాయి.

నిజానికి కాన్‌స్టేబుల్ కూడా దాన్ని అలాగే వేశాడు. ఆ బాట ఆయన చిన్నప్పుడు తన ఊరు ఈస్ట్ బెర్గోల్ట్ నుంచి డెడమ్‌లోని బడికి రోజూ నడిచి వెళ్లిన దారి. గుంట పక్కన ఏయే మొక్కలు ఉండాలో ఓ వృక్షశాస్త్రజ్ఞుణ్ని సలహా అడిగి మరీ, జులై నెలలో పూసేవాటినే ఏరి వేశాడు. అంత పట్టింపు మనిషి చర్చి దగ్గరకొచ్చేసరికి మాత్రం చిన్న అబద్ధమాడాడు. అక్కడ నిలబడి చూస్తే అలాంటి గోపురం కనిపించదు!

కాన్‌స్టేబుల్ 1837 మార్చి 31న చనిపోయాడు. అప్పుడు ఆయన మిత్రులు, అభిమానులు చందాలు వేసుకుని 300 గినీలకు ‘కార్న్‌ఫీల్డ్’ కొని నేషనల్ గ్యాలరీకి ఇచ్చారు. చందా ఇచ్చినవాళ్లలో కవి వర్డ్స్‌వర్త్, శాస్త్రవేత్త మైకేల్ ఫారడే కూడా ఉన్నారు. అంతకంటే గొప్పదనదగిన మరో చిత్రం, ఇంద్రధనుస్సు ఉన్న ‘సాల్స్‌బరీ కెథెడ్రల్’, కొందామని ముందు అనుకున్నారట. అది మరీ దూకుడుగా ఉందని వద్దనుకున్నారు. ఆ వద్దనుకున్నదాన్నే 2013లో టేట్ గ్యాలరీ 2 కోట్ల 31 లక్షల పౌండ్లు పోసి కొంది.

పచ్చిక మీద ఫిడేలు

మర ఉన్న కుటుంబంలో పుట్టాడు కాన్‌స్టేబుల్. తండ్రికి స్టూర్ ఏటి మీద ఫ్లాట్‌ఫర్డ్‌లో పిండిమర ఉండేది. కొడుకు కూడా మర చూసుకుంటాడనుకున్నాడాయన. కొడుకేమో మరని, ఏటిని, పడవల్ని బొమ్మలేయడం మొదలెట్టాడు. ఆ రోజుల్లో ఇంగ్లాండు సంపన్నులు ప్రకృతి చిత్రం అంటే ఇటలీ కొండలు, శిథిలమైన గుళ్లు, బంగారు రంగు సంధ్య ఉండాలనుకునేవారు. సొంత ఊళ్లోని బురద బాట, తడిసిన చెక్క గట్టు ఎవరికి కావాలి?

పైగా రంగు తగాదా ఒకటి. పాత చిత్రాల మీద వార్నిష్ ముదిరి గోధుమరంగులోకి తిరిగేది. అదే అసలైన అందమని పెద్దమనుషుల నమ్మకం. వాళ్లలో సర్ జార్జ్ బోమాంట్ ఒకడు. స్వయంగా చిత్రకారుడు, కాన్‌స్టేబుల్ అంటే అభిమానం ఉన్నవాడు. బొమ్మంతా పాత ఫిడేలు రంగులో ఉండాలని ఆయన అన్నాడట. కాన్‌స్టేబుల్ వాదించలేదు. లోపలికెళ్లి ఫిడేలు తెచ్చి, ఇంటి ముందున్న పచ్చిక మీద పెట్టి ఊరుకున్నాడు. చూసినవాళ్లకు అర్థమైంది... గడ్డి పచ్చగా ఉంటుందని!

ఇది ఇంటికి ప్రింటు కొనేవాళ్లకు ఇప్పటికీ పనికొచ్చే కథ. పాత పుస్తకాల నుంచి, వార్నిష్ ముదిరిన చిత్రాల ఫొటోల నుంచి తీసిన ప్రింట్లు ఆ ఫిడేలు రంగులోనే ఉంటాయి. పాతదనం కోసం అవే బాగున్నాయనుకుంటే వేరే మాట. కాన్‌స్టేబుల్ వేసిన ఆకుపచ్చ కావాలంటే మాత్రం చిత్రం ఉన్న మ్యూజియం వారే ఇటీవల తీసిన ఫొటో నుంచి అచ్చేసిన ప్రింటు తీసుకోవాలి. అదే బొమ్మ ప్రింట్లు రెండు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదాంట్లో సాయంత్రం, ఇంకోదాంట్లో మిట్టమధ్యాహ్నం కనిపించిన సందర్భాలు బోలెడు.

నలుపులోంచి వెలుగు

కాన్‌స్టేబుల్ చిత్రాలు ప్రింట్లుగా మొదట ఇళ్లలోకి వెళ్లినప్పుడు వాటిలో ఆకుపచ్చే లేదు. ఏ రంగూ లేదు. ఉన్నదల్లా నలుపు, తెలుపు. ఆ కథలో ఇద్దరు మనుషులున్నారు. ఒకడు చిత్రకారుడు, రెండోవాడు పలక చెక్కేవాడు.

1828 నవంబరులో కాన్‌స్టేబుల్ భార్య మరియా క్షయతో చనిపోయింది. పెద్దలు ఒప్పుకోక ఏళ్ల తరబడి ఎదురుచూసి 1816లో చేసుకున్న పెళ్లి అది. ఏడుగురు పిల్లలు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో రాయల్ అకాడమీ ఆయనకు పూర్తి సభ్యత్వం ఇచ్చింది, అదీ ఒక్క ఓటు తేడాతో. అప్పటికాయనకు 52 ఏళ్లు. సంతోషం పంచుకోవడానికి మనిషి లేదు. ఆ ఏడాదే డేవిడ్ లూకాస్ అనే కుర్రాడితో కలిసి తన చిత్రాలను ప్రింట్లుగా తీసుకురావాలని పూనుకున్నాడు. లూకాస్ ఓ రైతు కొడుకు. మెజోటింట్ పని నేర్చినవాడు.

మెజోటింట్ అంటే... లోహపు పలక మొత్తాన్నీ సన్నటి పళ్లున్న పనిముట్టుతో అటూ ఇటూ ఊపుతూ గరుకుగా చేస్తారు. అలాగే సిరా పూసి అచ్చు తీస్తే కాగితమంతా మఖమల్ గుడ్డలా నల్లగా వస్తుంది. ఇక అక్కణ్నుంచి పని మొదలు. ఎక్కడ వెలుగు కావాలో అక్కడ గీకుతూ, నున్నగా రుద్దుతూ పోతారు. ఎంత నున్నగా ఉంటే సిరా అంత తక్కువ నిలుస్తుంది, అంత తెల్లగా పడుతుంది. అంటే తెల్ల కాగితం మీద నల్లగీతలు గీయడం కాదు. కటిక చీకట్లోంచి మబ్బుని, ఆకు మీది మెరుపుని, నీటి తళుకుని ఒక్కొక్కటిగా బయటికి లాగడం. ప్రకృతిలో వెలుగునీడలే అసలు విషయమని నమ్మిన కాన్‌స్టేబుల్‌కి ఇంతకంటే తగిన పద్ధతి దొరకదు.

కానీ లూకాస్ పాట్లు చూడాలి! కాన్‌స్టేబుల్ ఒక అచ్చు చూసి బాగుందంటాడు. మర్నాడు వద్దంటాడు. ఇక్కడ మబ్బు తీసెయ్, అక్కడ చెట్టు పెట్టు అంటూ ఉత్తరం మీద ఉత్తరం. గీకిన పలకను మళ్లీ గరుకు చేయాలి, మళ్లీ గీకాలి. ఖర్చంతా కాన్‌స్టేబుల్ సొంత డబ్బే. 1830 నుంచి 1832 దాకా అయిదు భాగాలుగా 22 ప్రింట్లు వెలువడ్డాయి. అమ్ముడుపోలేదు. కట్టలు కట్టలుగా ఇంట్లోనే ఉండిపోయాయి. అయినా ఇద్దరూ ఆపలేదు. 1834లో ‘కార్న్‌ఫీల్డ్’ని పెద్ద సైజులో ప్రింటు తీశారు. తర్వాత సాల్స్‌బరీ ఇంద్రధనుస్సు చేపట్టారు. నలుపు తెలుపుల్లో ఇంద్రధనుస్సు! ఎంత సుతారంగా రావాలో చెప్పి చెప్పి లూకాస్ ప్రాణం తీశాడు కాన్‌స్టేబుల్. ఆ ప్రింటు 1837లో బయటికొచ్చేసరికి ఆయన లేడు.

మరి లూకాస్? ఇవాళ ఆ ప్రింట్లను మ్యూజియంలు అపురూపంగా దాచుకుంటున్నాయి. బ్రిటన్‌లో చెక్కిన మెజోటింట్లలో అత్యుత్తమమైనవాటిలో అవీ ఉన్నాయని కళాచరిత్రకారుల మాట. వాటిని చెక్కిన మనిషి మాత్రం 1881లో, లండన్ ఫులమ్‌లో దిక్కులేని పేదల కోసం నడిపే వర్క్‌హౌస్‌లో కన్నుమూశాడు. పటం కింద చిత్రకారుడి పేరు రాసుకునేవాళ్లు పలక చెక్కినవాడి పేరు కూడా ఓ మూల రాస్తే బావుణ్ను.

మంటలు కనపడని బొమ్మ

ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. రాతి అచ్చులో రంగులొచ్చాయి. ఫొటోలొచ్చాయి. 1908లో లండన్‌లో మెడిచి సొసైటీ పుట్టి, గొప్ప చిత్రాల రంగు ప్రింట్లను మామూలు సంసారులు కొనగలిగే ధరకు తేవడమే పనిగా పెట్టుకుంది. అక్కణ్నుంచి బడి గోడలు, హోటల్ గదులు, టీ ట్రేలు, జిగ్సా ముక్కలాటలు... కాన్‌స్టేబుల్ వెళ్లని చోటు లేదు.

వీటన్నిటిలో ముందుండేది ‘ద హే వెయిన్’. ఏట్లో నిలబడిన గడ్డిబండి, ఎడమవైపు ఎర్రకప్పు ఇల్లు, ఒడ్డున కుక్క. 1821 నాటి చిత్రం. ఇదీ లండన్‌లో వెంటనే అమ్ముడుపోలేదు. మూడేళ్లకు పారిస్ వ్యాపారి ఒకాయన మరో పెద్ద చిత్రంతో కలిపి 250 పౌండ్లకు తీసుకెళ్లాడు. అక్కడ ఫ్రెంచి చిత్రకారులు దాని ముందు నోళ్లు వెళ్లబెట్టారు. రాజు పదో చార్లెస్ బంగారు పతకం ఇచ్చాడు. 1886లో ఓ దాత చేతుల మీదుగా నేషనల్ గ్యాలరీకి చేరింది. 2005లో బీబీసీ రేడియో 4 బ్రిటన్‌లోని అత్యుత్తమ చిత్రం ఏదని శ్రోతల్ని అడిగితే ‘హే వెయిన్’కి రెండో స్థానం దక్కింది. మొదటిది టర్నర్ వేసిన ‘ఫైటింగ్ టెమెరేర్’. పాత యుద్ధనౌకను చిన్న ఆవిరి పడవ లాక్కెళ్లే ఆ చిత్రం 2020లో విడుదలైన 20 పౌండ్ల నోటు మీద కూడా ఉంది.

‘హే వెయిన్’ చూస్తే ఎంత ప్రశాంతంగా ఉంటుంది! అలసిన కళ్లకు మందులా ఉంటుందనే చాలామంది తెచ్చి గోడకు తగిలించుకుంటారు. కానీ ఆ కాలంలో ఆ పల్లెల్లో ప్రశాంతత లేదు. నెపోలియన్ యుద్ధాలు ముగిశాక ధాన్యం ధరలు పడిపోయాయి. కూలి దొరకలేదు, దొరికినా కడుపు నిండలేదు. నూర్పిడి యంత్రాలు పగిలాయి, గడ్డివాములు తగలబడ్డాయి. 1822లో సఫోక్‌లో ఏ రాత్రి చూసినా ఏదో ఒక దిక్కున మంటలు కనపడుతున్నాయని తమ్ముడు చెప్పిన సంగతిని కాన్‌స్టేబుల్ స్వయంగా ఓ మిత్రుడికి రాశాడు. ‘హే వెయిన్’ వేసిన మరుసటి ఏడాది మాట ఇది. బొమ్మలో ఆ మంటలు లేవు. మర యజమాని కొడుకు తన చిన్ననాటి ఊరిని వేసుకున్నాడు. అందులో దొంగతనమేమీ లేదు. కానీ అది అప్పటికే జారిపోతున్న ఊరు అని తెలిస్తే బండివాడిని ఇంకాస్త సేపు చూడాలనిపిస్తుంది.

అందరికీ తెలిసిన బొమ్మ కాబట్టే దాన్ని నిరసనలకు వాడుకున్నవాళ్లూ ఉన్నారు. 1980లో పీటర్ కెన్నార్డ్ అనే కళాకారుడు ఆ గడ్డిబండిలో క్రూయిజ్ క్షిపణులు పెట్టి కొత్త బొమ్మ తయారుచేశాడు. అమెరికా క్షిపణులు ఇంగ్లాండు పల్లెల్లోకి రాబోతున్న రోజులవి. 2022 జులై 4న ‘జస్ట్ స్టాప్ ఆయిల్’ కార్యకర్తలిద్దరు అసలు చిత్రం మీదే కాగితం ప్రింటు అంటించారు. అందులో ఏరు ఉండాల్సిన చోట రోడ్డు, ఆకాశంలో విమానాలు. అచ్చు బొమ్మ వెళ్లి అసలు బొమ్మను కప్పేసిందన్నమాట! ఫ్రేముకీ, పైన ఉన్న వార్నిష్‌కీ కొద్దిపాటి దెబ్బ తగిలింది. మర్నాటికే బాగుచేసి మళ్లీ గోడకు పెట్టారు.

ఏ గోడకు ఏ బొమ్మ?

ఇక ఇంటి సంగతికొద్దాం. ఎక్కువమంది చేసే పొరపాటు సైజు దగ్గర. ‘హే వెయిన్’ అసలు చిత్రం 185 సెంటీమీటర్ల వెడల్పు, 130 సెంటీమీటర్ల ఎత్తు. దాదాపు మంచమంత! దాన్ని ఏ3 కాగితం మీదికి తెస్తే వైశాల్యం ఇరవయ్యో వంతుకు దగ్గర పడుతుంది. ఆ సైజులో ఏట్లోని బండివాళ్లు గోరంత, దూరాన పొలంలో గడ్డికోసేవాళ్లు చీమంత. ఇక మిగిలేది ‘చెట్లూ, నీళ్లూ ఉన్న ఏదో బొమ్మ’. పెద్ద గోడ ఉండి, కనీసం మూడు నాలుగడుగుల వెడల్పు ప్రింటు పెట్టుకోగలిగితేనే ‘హే వెయిన్’ జోలికి వెళ్లాలి.

టర్నర్ వేసిన ‘రెయిన్, స్టీమ్ అండ్ స్పీడ్’ కూడా అంతే. 1844 నాటి ఆ చిత్రంలో వానలో దూసుకొచ్చే రైలింజను ముందు, పట్టాల మీద ఓ కుందేలు ప్రాణం అరచేత పెట్టుకుని పరుగెడుతుంటుంది. అసలు చిత్రంలోనే కష్టపడి వెతకాలి. చిన్న ప్రింటులో అయితే కుందేలు మాయం. కుందేలు లేకపోతే ఆ బొమ్మలో సగం లేనట్టే. కొనేముందు దాన్ని వెతికి చూసుకుంటే ప్రింటు నాణ్యత కూడా తేలిపోతుంది.

చిన్న గదులున్నవాళ్లు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. వాళ్ల కోసమే అన్నట్టు ఇంగ్లాండులో గొప్ప నీటిరంగుల చిత్రాలున్నాయి. జాన్ సెల్ కాట్‌మన్ 1805 ప్రాంతంలో వేసిన ‘గ్రెటా బ్రిడ్జ్’ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఒక రాతి వంతెన, నీళ్లు, బండరాళ్లు. అనవసరమైన గీత ఒక్కటి లేదు. దాని సైజు సుమారు 23 సెంటీమీటర్లు, 33 సెంటీమీటర్లు. అంటే ఏ4 కాగితం కంటే కాస్త పెద్దది. ప్రింటును అసలు సైజులోనే పెట్టుకోవచ్చు! థామస్ గర్టిన్ 1800లో వేసిన ‘ద వైట్ హౌస్ ఎట్ చెల్సీ’ కూడా అడుగున్నర వెడల్పు పైచిలుకే. సాయంకాలం మసక వెలుగులో థేమ్స్ నది, ఒడ్డున ఒకే ఒక్క తెల్లటి ఇల్లు, నీళ్లలో దాని నీడ. గర్టిన్ 27 ఏళ్లకే పోయాడు. బతికుంటే తనకు తిండి దొరికేది కాదని టర్నర్ అన్నాడని చెప్పుకుంటారు. పడగ్గదికి ఇంతకంటే నెమ్మదైన బొమ్మ దొరకడం కష్టం.

కాన్‌స్టేబులే కావాలంటే ఆయన మబ్బుల బొమ్మలున్నాయి. 1821, 22 సంవత్సరాల్లో లండన్ పక్కన హాంప్‌స్టెడ్ గుట్ట మీద కూర్చుని ఆకాశాన్ని మాత్రమే వేశాడు. కాగితం వెనక తేదీ, వేళ, గాలి ఎటునుంచి వీస్తోందో రాసిపెట్టాడు. ఇవీ చిన్న సైజులే. మూడింటిని ఒకే రకం ఫ్రేములో వరసగా పెడితే గది కిటికీ తెరిచినట్టుంటుంది. పిల్లలున్న ఇళ్లలో మరీ బాగుంటుంది, వెనక రాసిన వివరాలు చదివి వినిపించొచ్చు.

భోజనాల గదికి గెయిన్స్‌బరో వేసిన ‘మిస్టర్ అండ్ మిసెస్ ఆండ్రూస్’ సరదాగా ఉంటుంది. 1750 ప్రాంతం నాటిది. బొమ్మలో సగం భార్యాభర్తలు, మిగతా సగం వాళ్ల పొలం. మొగుడి చేతిలో తుపాకీ. భార్య ఒళ్లో మాత్రం కొంత చోటు రంగు వేయకుండా ఖాళీగా వదిలేశాడు. అక్కడ ఏం వేయాలనుకున్నాడో ఇప్పటికీ పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. వచ్చిన చుట్టాలకు మాటలు కరవైతే ఆ ఖాళీ చోటు చూపిస్తే చాలు!

ఒక్కటి మాత్రం ఎక్కడా ఒప్పుకోకూడదు. మన దగ్గరున్న ఫ్రేముకి సరిపోవాలని బొమ్మను కోయడం. ఎక్కువగా బలయ్యేది ఆకాశమే. కాన్‌స్టేబుల్ బొమ్మలో ఆకాశం వెనక వేలాడే తెర కాదు. కింద నేల మీద ఎక్కడ ఎండ పడాలో, ఎక్కడ నీడ పడాలో చెప్పేది అదే. పైన నాలుగంగుళాలు కోస్తే కింద వెలుగుకి కారణం లేకుండా పోతుంది.

పటం కట్టించేటప్పుడు...

ఈ చిత్రాలకు మ్యూజియంలో బరువైన బంగారు ఫ్రేములుంటాయి. కాగితం ప్రింటుకు అవి పెడితే పెళ్లికొడుకు తలపాగా పసివాడికి పెట్టినట్టుంటుంది. సన్నటి చెక్క ఫ్రేము, చుట్టూ రెండు మూడంగుళాల తెల్లటి లేదా మీగడ రంగు మౌంట్ చాలు. కింది అంచు పావంగుళం ఎక్కువ ఉంటే బొమ్మ కిందికి జారినట్టు అనిపించదు. మౌంట్ అట్టలో ఆమ్లం లేనిది అడిగి తీసుకోవాలి. మామూలు అట్ట అయితే కొన్నేళ్లకు అంచుల్లో పసుపు గీత పడుతుంది. గాజు నేరుగా ప్రింటుకు తగలకుండా మౌంట్ ఎడం ఇస్తుంది. వానాకాలం చెమ్మకు కాగితం గాజుకి అతుక్కుంటే ఊడదీయడం అసాధ్యం.

కిటికీకి ఎదురు గోడ వద్దు. ఎండకు రంగులు వెలిసిపోతాయి, గాజులో బొమ్మకు బదులు మన మొహమే కనిపిస్తుంది. నీటిరంగుల అసలు చిత్రాలను మ్యూజియంలు మసక వెలుగులో, అదీ కొన్నాళ్లే ప్రదర్శించి మళ్లీ చీకట్లో దాచేస్తాయి. ‘గ్రెటా బ్రిడ్జ్’ చూద్దామని లండన్ దాకా వెళ్లినా ఆ రోజు అది గోడ మీద ఉంటుందన్న హామీ లేదు. ఈ విషయంలో ప్రింటున్నవాళ్లే అదృష్టవంతులు.

ఇక ఎత్తు. తెలుగిళ్లలో పటాలు ద్వారబంధానికి పైన, తలెత్తి చూసేలా తగిలిస్తారు. దేవుడి పటాలకూ, పెద్దల ఫొటోలకూ అది సరే. ప్రకృతి దృశ్యానికి కాదు. బొమ్మ నడిబొడ్డు నేల నుంచి అయిదడుగులకు కాస్త అటూ ఇటూ ఉండాలి. కూర్చుని చూసే గదిలో ఇంకొంచెం కిందికైనా ఫర్వాలేదు. బాటలోకి నడవాలంటే బాట మన కళ్లకు ఎదురుగా ఉండాలి కదా!

ప్రింటు కోసం లండన్ దుకాణానికే రాయాల్సిన పని లేదు. ఈ చిత్రకారులు పోయి వందేళ్లు ఎప్పుడో దాటింది కాబట్టి చిత్రాల మీద కాపీహక్కు లేదు. అమెరికాలోని యేల్ సెంటర్ ఫర్ బ్రిటిష్ ఆర్ట్ 2011 నుంచి తన దగ్గరున్న ఇలాంటి చిత్రాల పెద్ద ఫొటోలను ఉచితంగా దించుకోనిస్తోంది. అందులో కాన్‌స్టేబుల్ మబ్బులూ ఉన్నాయి. హైదరాబాదులోనో విజయవాడలోనో మందపాటి నూలు కాగితం మీద, త్వరగా వెలవని పిగ్మెంట్ సిరాతో ప్రింటు వేయించుకోవచ్చు. మెరిసే ఫొటో కాగితం మాత్రం వద్దు.

ఈ ఇంగ్లాండు చూపు తెలుగు నేలకు కొత్తదేమీ కాదు. రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే నీటిరంగుల బొమ్మలేసే ఆంగ్లేయుడు. కుర్రాడైన దామెర్ల రామారావులోని చేయి గుర్తించి వెన్నుతట్టింది ఆయనే. దామెర్ల 1925లో, 28 ఏళ్లు నిండకముందే వెళ్లిపోయాడు. గోదావరి దృశ్యాలతో సహా ఆయన చిత్రాలు రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఉన్నాయి. కాన్‌స్టేబుల్ ఏటి పక్కన మన ఏటి బొమ్మ ఒకటి పెట్టాలనుకునేవాళ్లు ముందు అక్కడికి వెళ్లొస్తే మంచిది.

ఫ్లాట్‌ఫర్డ్‌లో నిలబడితే

లండన్ నుంచి ఈశాన్యంగా వెళితే సఫోక్ సరిహద్దులో ఫ్లాట్‌ఫర్డ్ ఇప్పటికీ ఉంది. నేషనల్ ట్రస్ట్ సంరక్షణలో పిండిమర, ఏరు, ‘హే వెయిన్’లోని ఎర్రకప్పు ఇల్లు కూడా ఉన్నాయి. ఆ ఇంట్లో విల్లీ లాట్ అనే రైతు ఉండేవాడు. ఎనభై ఏళ్లకు పైగా బతికి, ఆ ఇంటికి దూరంగా నాలుగే నాలుగు రాత్రులు పడుకున్నాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఆయన ఇల్లు మాత్రం ప్రింటెక్కి ప్రపంచంలో ఎన్నో ఊళ్లు తిరిగింది.

వచ్చినవాళ్లందరూ మర పక్కన ఒకేచోట నిలబడతారు. చేతిలో కార్డు పెట్టుకుని ఎదురుగా ఉన్నదానితో సరిచూసుకుంటారు. ఇల్లుంది. నీళ్లున్నాయి. చెట్లు పెరిగి వెనక పొలాలను చాలావరకు కప్పేశాయి. బండి ఏదని పిల్లలు అడుగుతారు. బండి అప్పుడూ అక్కడ లేదు. ఆ చిత్రాన్ని కాన్‌స్టేబుల్ లండన్‌లో కూర్చుని వేశాడు. గడ్డిబండి సరిగ్గా ఎలా ఉంటుందో తేల్చుకోలేక, ఊళ్లో ఉన్న మిత్రుడి కొడుకు జాన్ డంథోర్న్ చేత ఓ బండి బొమ్మ గీయించి పంపించమని కబురుపెట్టాడు.